పక్కకు పడిన ట్రైమరాన్ పూర్తిగా బోర్లా పడకుండా: నా అనుభవం

మూడు పడవలను అడ్డదూలాలతో కలిపి కట్టిన ట్రైమరాన్ గాలికి ఒరిగిపోవడంలో రెండు దశలు ఉంటాయి. మొదటి దశలో అది పక్కకు పడుతుంది, అంటే ఒక పక్క పడవ నీటిలో మునిగి, రెండోది ఆకాశంలోకి లేచి, తెరచాపను మోసే మాస్టు నీటి మీదికి వాలుతుంది. రెండో దశలో ఆ మాస్టు నీటి అడుగుకు దిగిపోయి పడవ పూర్తిగా బోర్లా పడుతుంది. మొదటి దశలో ఆగిన పడవను ఒక మనిషి ప్రయత్నించి నిలబెట్టుకోవచ్చు; రెండో దశకు చేరిన పడవను ఇంకో ఇంజను పడవ సాయం లేకుండా లేపడం దాదాపు అసాధ్యం. ఈ రెండింటి మధ్య ఉండే సమయం చాలా కొద్దిది. ఆ కొద్ది సమయాన్ని పొడిగించడానికి నా చిన్న పడవ మీద నేను చేసిన పని, వేసిన లెక్కలు, చేసి చూసిన పరీక్షలు ఇక్కడ రాస్తున్నాను.

నేను తెరచాప పడవ నడపడం నేర్చుకున్నది హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ మీద, ఒంటరిగా నడిపే లేజర్ పడవల్లో. లేజర్ బోర్లా పడితే, పడవ అడుగు నుంచి పొడుచుకు వచ్చే సెంటర్ బోర్డు అనే పలక మీద నిలబడి వెనక్కి వాలితే చాలు, అది లేచి కూర్చుంటుంది. అందువల్ల పడవ పడిపోవడమన్నది అక్కడ ఎవరికీ పెద్ద విషయంగా తోచదు. ఉద్యోగరీత్యా టెక్సస్‌కు వచ్చి, డాలస్‌కు ఉత్తరాన ఉన్న లూయిస్‌విల్ సరస్సు ఒడ్డున, లిటిల్ ఎల్మ్‌లో స్థిరపడిన తరువాత ఒక పాత ట్రైమరాన్ కొన్నాను. ఎవరో ఇంటి దగ్గర ప్లైవుడ్‌తో శ్రద్ధగా కట్టుకున్న పడవ అది. పొడవు 5 మీటర్లు, వెడల్పు 3.6 మీటర్లు, అల్యూమినియం మాస్టు ఎత్తు 6.5 మీటర్లు, తెరచాపలతో సహా బరువు 130 కిలోలు. మూడు పడవల మధ్య కూర్చోవడానికి వలలు బిగించి ఉంటాయి. ఈ ప్రాంతంలో వసంతకాలపు దక్షిణపు గాలి రోజంతా బలంగా వీస్తుంది. శీతాకాలం చివర్లో ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి అయితే చెప్పాపెట్టకుండా అరగంటలో దిశను, బలాన్ని రెండింటినీ మార్చేస్తుంది. మార్చి నెలలో గాలి వెచ్చబడినా నీళ్ళు మాత్రం ఇంకా ఒళ్ళు కొంకర్లు పోయేంత చల్లగానే ఉంటాయి.

ఆ సరస్సులోనే నాలాంటిదే మరొకరి ట్రైమరాన్ బోర్లా పడడం చూశాను. మనిషి క్షేమంగా బయటపడ్డాడు. కానీ అక్కడ లోతు మాస్టు పొడవు కన్నా తక్కువ కావడంతో మాస్టు కొస అడుగున ఉన్న బురదలోకి దిగబడింది. లాగడానికి వచ్చిన ఇంజను పడవ తాడు కట్టి బలంగా గుంజేసరికి మాస్టు మధ్యకు వంగింది, ఒక అడ్డదూలం అతుకు ఊడింది. పడవ పక్కవాటుగా ఉన్నప్పుడే ఆపగలిగి ఉంటే ఆ నష్టమేదీ జరిగేది కాదు.

పెద్ద ట్రైమరాన్‌ల విషయంలో బోర్లా పడడానికి మరో కోణం ఉంది. 1989 జూన్‌లో న్యూజిలాండ్ నుంచి టోంగాకు బయలుదేరిన రోజ్ నోయెల్ అనే ట్రైమరాన్‌ను పెద్ద అల ఒకటి తిరగేసింది. అందులోని నలుగురూ తలకిందులైన ఆ పడవలోనే తలదాచుకుంటూ 119 రోజులు సముద్రం మీద కొట్టుకుపోయి, చివరికి గ్రేట్ బారియర్ దీవి ఒడ్డుకు ప్రాణాలతో చేరారు. అడుగున సీసపు బరువు లేని పడవ బోర్లా పడ్డా మునగదనడానికి అంతకన్నా గొప్ప నిదర్శనం లేదు. అయితే అయిదు మీటర్ల పడవలో దూరి కూర్చోవడానికి గది ఉండదు. బోర్లా పడిన తరువాత దాని అడుగు మీదికి ఎక్కి, తడి బట్టలతో, గాలిలో కూర్చోవడమే గతి. వల కింద గానీ తెరచాప కింద గానీ మనిషి చిక్కుకుపోయే ప్రమాదం కూడా చిన్న పడవల్లోనే ఎక్కువ. కాబట్టి చిన్న పడవ వాడికి బోర్లా పడకుండా ఆపుకోవడమే ముఖ్యం.

పని మొదలుపెట్టే ముందు కాగితం మీద లెక్క వేశాను. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్న బలభ్రామకం ఇక్కడ సరిపోతుంది: బరువును కిలోల్లో, ఆ బరువు ఆధారం నుంచి ఎంత దూరంలో పనిచేస్తుందో ఆ దూరాన్ని మీటర్లలో తీసుకుని గుణించడమే. కింద 95, 50 అంటూ బలంగా చెప్పిన అంకెలన్నీ అలా గుణిస్తే వచ్చినవే. పక్కకు పడిన పడవకు ఆధారం నీటిలో ఉన్న పక్క పడవ. ఆ పక్క పడవ ఒక్కటే మొత్తం 130 కిలోలను తేల్చగలదు కనుక మిగిలిన పడవంతా దాని మీద గోడలాగా నిటారుగా నిలబడుతుంది. నడిమి పడవ నీటికి మీటరున్నరకు పైన ఉంటుంది. మాస్టు మొదలు ఉన్నది ఆ నడిమి పడవలోనే. అంటే పడవ సరిగ్గా 90 డిగ్రీలు వాలినప్పుడు మాస్టు కొస ఇంకా నీటిని తాకదు, గాలిలోనే ఉంటుంది. అది నీటిని తాకేసరికి పడవ దాదాపు 104 డిగ్రీలు వాలిపోతుంది.

రెండు పడవలను జతచేసి కట్టే చిన్న క్యాటమరాన్‌లకు మాస్టు చివర తేలే బెండు కట్టడం చాలాకాలంగా ఉన్న అలవాటే. హోబీ గెటవే వంటి వాటికి అది పడవతోపాటే వస్తుంది. నేనూ మొదట అలాంటి బెండు ఒకటి కొని తగిలిస్తే సరిపోతుందా అని ఆలోచించాను. కానీ రెండింటికీ తేడా ఉంది. క్యాటమరాన్‌లో మాస్టు రెండు పడవల మధ్య దూలం మీద ఉంటుంది, మొత్తం వెడల్పు కూడా తక్కువ. అందువల్ల పక్కకు పడినప్పుడు మాస్టు నీటికి దగ్గరగా, దాదాపు సమాంతరంగా వాలుతుంది. వెడల్పాటి ట్రైమరాన్‌లో అది ఎత్తు నుంచి కిందికి ఏటవాలుగా దిగుతుంది. ఆ 14 డిగ్రీల ఏటవాలు వల్ల పడవ బరువుకేంద్రం ఆధారాన్ని దాటి మాస్టు వైపుకు వచ్చేస్తుంది. నా పడవలో మాస్టు, తెరచాపల బరువు కూడా కలుపుకుంటే ఆ దూరం 70 సెంటీమీటర్లకు పైగా తేలింది. 130 కిలోలను దానితో గుణిస్తే దాదాపు 95 వస్తుంది. గాలి అసలు లేకపోయినా, పడవను బోర్లా తోయడానికి దాని సొంత బరువే 95 బలంతో పనిచేస్తున్నదన్న మాట. బెండు ఆధారానికి సుమారు 6.6 మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, ఆ బలాన్ని ఆపడానికే దానికి పద్నాలుగు, పదిహేను కిలోల తేలే శక్తి కావాలి.

ఇక గాలి సంగతి. పడవ పడేటప్పుడు మాస్టు గాలి పోయే వైపుకు వాలుతుంది, పడవల అడుగుభాగాలు గాలి వచ్చే వైపుకు తిరుగుతాయి. అంటే గాలి ఆ అడుగుల మీద, వలల మీద తగిలి పడవను ఇంకా అదే దిశలో నెడుతుంది. 20 నాట్ల గాలికి, అంటే గంటకు 37 కిలోమీటర్ల వేగానికి, నీటి దగ్గర వేగం కొంత తగ్గుతుందని, వలలో రంధ్రాలుంటాయని లెక్కలోకి తీసుకున్నా, ఆ నెట్టుడు సుమారు 50 అని తేలింది. రెండూ కలిపితే 145. బెండుకు కావలసింది 22 కిలోలు. దీనికి మనిషిని కూడా కలపాలి. పడవ పడే క్షణంలో చాలామంది చేతికి అందిన పై పక్క పడవను పట్టుకుని వేలాడతారు. 70 కిలోల మనిషి అక్కడ వేలాడితే మరో 60 దాకా బోర్లా వేసే వైపుకే చేరుతుంది. కాబట్టి ఎంత బెండు కట్టినా, పడిన మరుక్షణం చేతులు వదిలేసి నీటిలోకి జారిపోవడం ఈ మొత్తం ఏర్పాటులో భాగమేనని నాకు అర్థమైంది. తెరచాప తాడును వదిలెయ్యడం కూడా అంతే.

ముందుగా మాస్టు సంగతి చూశాను. 75 మిల్లీమీటర్ల వ్యాసం, 6.5 మీటర్ల పొడవు ఉన్న ఆ గొట్టంలో దాదాపు 28 లీటర్లు పడతాయి. అందులోకి నీరు చేరకపోతే అది తేలుతుంది. చేరితే తేలకపోవడమే కాదు, లేపేటప్పుడు ఆ నీటి బరువంతా మన మీద పడుతుంది. పక్కకు పడిన పడవ మాస్టులో నీరు నిండి ఉంటే దాన్ని ఏ మనిషీ లేపలేడు. పాత యజమాని తెరచాపను ఎత్తే తాడును మాస్టు లోపలి నుంచి నడిపాడు, దానికోసం పైనా కిందా రంధ్రాలు కోశాడు. ఆ తాడును బయటికి మార్చి, రంధ్రాలకు అల్యూమినియం ముక్కలు అతికించి మూసేశాను. ఆ తరువాత కనిపించిన ప్రతి రివెట్టు చుట్టూ, ప్రతి స్క్రూ కింద, రెండు కొసల మూతల అంచుల్లో పడవలకు వాడే సీలెంట్ పట్టించాను. అడుగు మూతలో సైకిల్ ట్యూబు వాల్వు ఒకటి బిగించి, మాస్టును పెరట్లో గడ్డి మీద పరిచి, పంపుతో కొద్దిగా గాలి నింపి, సబ్బునీళ్ళు పూస్తూ పోయాను. తెరచాప జారే పట్టా వెంబడి బాగానే ఉందనుకున్న చోట్ల నుంచే సన్నని బుడగలు వరసగా లేచాయి. ఒక రివెట్టు దగ్గర అవి కంటికి కనిపించనంత చిన్నవి. వేలితో తాకితే నురగ పెరుగుతున్నట్టు తెలిసింది. అలాంటి చోట్లన్నీ గుర్తుపెట్టి మళ్ళీ మూశాను. అయినా సీలెంట్ ఎండకు ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది కనుక, నీరు చేరినా తేలే గుణం పూర్తిగా పోకుండా మాస్టు పైసగంలో పూల్ నూడుల్స్ కుక్కాను. పిల్లలు ఈతకొలనులో వాడే ఆ నురగ గొట్టాలు నీరు పీల్చవు, చవక, గొట్టంలోకి బిగుతుగా దూరుతాయి. పైసగమే ఎందుకంటే ట్రైమరాన్‌లో నీటిలోకి ముందుగా దిగేది అదే.

తరువాత పరీక్ష. ఉప్పాడ ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న ఒక మిత్రుడు సాయానికి వచ్చాడు. గాలి లేని ఉదయం, లోతు సరిపడా ఉన్న చోట, కర్రలతో కట్టిన పడవల రేవు పక్కన పడవను నిలిపాం. పై పక్క పడవ నుంచి ఒక తాడును రేవు గుంజకు చుట్టి, పడవ ఒక హద్దు దాటి తిరగకుండా అతను పట్టుకున్నాడు. నేను రెండో తాడుతో మాస్టును పక్కకు గుంజి పడవను పడేశాను. మూసిన మాస్టు ఒక్కటే దాన్ని ఆపగలదా అన్నది మొదటి ప్రశ్న. తెరచాప నీటి మీద చాపలాగా పరుచుకుని క్షణకాలం ఆగినట్టే ఆగింది. ఆ తరువాత మాస్టు కొస నెమ్మదిగా, ఏమాత్రం ఆగకుండా నీటిలోకి జారడం మొదలుపెట్టింది. "దిగిపోతోందన్నా, దిగిపోతోంది" అంటూ అతను తాడు బిగించాడు. లెక్క చెప్పిందీ ఇదే. ఏటవాలు పెరిగిన కొద్దీ మాస్టు తేలే శక్తి పెరుగుతుంది, కానీ బోర్లా వేసే బలం దానికన్నా వేగంగా పెరుగుతుంది. మూసిన మాస్టు పతనాన్ని నిదానింపజేస్తుంది తప్ప ఆపదు. ట్రైమరాన్ ఉన్నవాళ్ళలో మాస్టు మూశాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళున్నారు. వాళ్ళు ఒక్కసారైనా గాలిలేని రోజున ఇది చేసి చూడాలని నా కోరిక.

బెండు తయారు చేసే ముందు దాని పరిమాణం తేల్చుకోవడానికి ఖాళీ పాల డబ్బాలు వాడాం. ఇక్కడ ఒక గ్యాలన్ పాల డబ్బా అంటే 3.8 లీటర్లు. మూతలు గట్టిగా బిగించి మాస్టు కొసకు కట్టాం. నాలుగు డబ్బాలకు, అంటే 15 లీటర్లకు, కొస నీటిమట్టం దగ్గర కాసేపు తచ్చాడింది. చిన్న అల వస్తే మునిగింది, మళ్ళీ పైకి రాలేదు. అయిదో డబ్బా కట్టాక నిలిచింది. డబ్బాలు ముప్పాతిక వంతు మునిగి, అలల మీద ఊగుతూ, పడవ మొత్తాన్ని ఆపి పట్టుకున్నాయి. "ఆగిందన్నా" అని మిత్రుడు తాడు వదులు చేసి చూపించాడు. కాగితం మీది పద్నాలుగున్నర కిలోల లెక్క నీటి మీద రుజువైనందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. గాలికి, పడే వేగానికి కలుపుకుని బెండు 30 లీటర్లు ఉండాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

గాలి నిండే బెండు వాడాలా, గట్టి బెండు వాడాలా అన్న దాని మీద కొంత తర్జనభర్జన పడ్డాను. ఆటోమేటిక్ లైఫ్ జాకెట్‌లో ఉండే ఏర్పాటే మాస్టు చివరా పెట్టవచ్చు: నీరు తగలగానే ఒక చిన్న బిళ్ళ కరిగి, స్ప్రింగు విడుదలై, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పగిలి సంచి ఉబ్బుతుంది. మామూలు లైఫ్ జాకెట్‌లోని 33 గ్రాముల సిలిండరు సుమారు 16 లీటర్లు నింపుతుంది కనుక నాకు అలాంటివి రెండు కావాలి. పడవ నడిచేటప్పుడు అది చిన్న పొట్లంలా ఉండి గాలికి అడ్డురాదు, చూడడానికీ బాగుంటుంది. కానీ బిళ్ళ కరగడానికి కొన్ని క్షణాలు పడుతుంది, వర్షానికి దానంతటదే ఉబ్బే అవకాశం ఉంది, పైగా మాస్టు చివర ఉన్న పరికరం సరిగ్గా ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యంగా, దానితో పరీక్ష చేసిన ప్రతిసారీ సిలిండరు, బిళ్ళ మార్చాలి. అందువల్ల ఎవరూ తగినన్ని పరీక్షలు చెయ్యరు. గట్టి బెండునైతే ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు నీటిలో పడెయ్యవచ్చు. నేను గట్టిదాన్నే ఎంచుకున్నాను.

ఇళ్ళ గోడలకు వేడి తగలకుండా వేసే పాలీస్టైరీన్ నురగ పలకలను ఒకదాని మీద ఒకటి అతికించి, 90 సెంటీమీటర్ల పొడవు, నడుమ 25 సెంటీమీటర్ల వ్యాసం వచ్చేలా, ముందు గుండ్రంగా వెనుక సన్నగా చెక్కాను. పైన గాజుగుడ్డ పరిచి, ఆరాక గట్టిపడే ఎపాక్సీ అనే జిగురు పట్టించాను. అలాంటిదే అయిన పాలిస్టర్ రెజిన్ తగిలితే ఈ నురగ కరిగిపోతుంది, ఎపాక్సీకి కరగదు. ఈ పనికి దిగేవాళ్ళు డబ్బా మీది పేరు చూసి కొనడం అవసరం. అంతా అయ్యాక బరువు 1.7 కిలోలకు కాస్త తక్కువ. అంటే తేలే శక్తి నికరంగా 28 కిలోలు. మాస్టు కొసన ప్లైవుడ్ పీట ఒకటి బిగించి, దాని మీద స్టీలు బోల్టులతో బెండును పడవ పొడవు దిశలో కూర్చోబెట్టాను. తెరచాప పైకొస గానీ, దాన్ని ఎత్తే తాడు గానీ బెండుకు తగిలి ఇరుక్కోకుండా నాలుగువేళ్ళ ఎడం ఉంచాను. బోల్టులు ఊడినా బెండు దూరంగా పోకుండా ఒక తాడు వేరుగా కట్టాను.

అసలు పరీక్ష గాలి ఉన్న రోజునే. ఏప్రిల్‌లో దక్షిణపు గాలి 18 నుంచి 20 నాట్ల దాకా వీస్తున్న మధ్యాహ్నం, ఒడ్డు గాలి పోయే వైపుకు ఉండేలా చోటు చూసుకుని, మిత్రుడు కయాక్ అనే చిన్న తెడ్డు పడవలో దగ్గరగా ఉండగా, నీటిలో చలి ఆపే వెట్‌సూట్, హెల్మెట్, లైఫ్ జాకెట్ వేసుకుని, సులువుగా అందేలా కత్తి కట్టుకుని, తెరచాప తాడు బిగించి పడవను కావాలనే పడేశాను. నడిమి పడవ లేచి, ఒక క్షణం ఆగి, ఆ తరువాత ఒక్కసారిగా తిరిగింది. మాస్టు నీటిని కొట్టిన చప్పుడుతోపాటు బెండు పూర్తిగా మునిగి, మరుక్షణం పైకి తన్నుకొచ్చి, దాదాపు ముప్పాతిక వంతు మునిగిన స్థితిలో కుదురుకుంది. పడవ బోర్లా పడలేదు.

ఆ తరువాత జరిగిన దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు, కానీ నా దృష్టిలో బెండు చేసే అతిపెద్ద మేలు అదే. పడిన పడవలో గాలికి ఎదురుగా నిలిచేది పడవల గోడ. నీటిలో లాగి పట్టేది తెరచాప, మాస్టు, బెండు. గాలి పడవలను నెడుతూ పోతుంటే తెరచాప లంగరులాగా వెనక పట్టేస్తుంది. దాంతో పడవ మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మాస్టు మొదట గాలి పోయే వైపుకు చూస్తున్నదల్లా పక్కకు తిరిగి, చివరికి గాలి వచ్చే వైపుకు చూసింది. దీనికి రెండు నిమిషాలకు దగ్గరగా పట్టింది. ఇప్పుడు గాలి తగులుతున్నది పడవల అడుగుకు కాదు, పైభాగానికి. ఇంతసేపూ బోర్లా వెయ్యడానికి పనిచేసిన ఆ 50 బలమే ఇప్పుడు పడవను లేపే వైపుకు పనిచేస్తోంది. 95 నుంచి 50 తీసేస్తే మిగిలేది 45. కింది పక్క పడవ మీద నిలబడి తాడు పట్టుకుని మీటరు దూరం వెనక్కి వాలితే నా 70 కిలోలు దానికి చాలు. పడిన వెంటనే ఆత్రపడి తాడు లాగితే 145తో పోట్లాడాలి. ఓపిక పట్టి పడవను తిరగనిస్తే 45. బెండు లేని పడవకు ఆ రెండు నిమిషాల సమయమే ఉండదు.

లేపే తాడును ముందే పై అడ్డదూలానికి కట్టి, వల అడుగున సంచిలో ఉంచాను, రెండు పక్కలా ఒక్కొక్కటి. అడుగు వైపుకు ఈది, తాడును బయటికి లాగి, కింది పక్క పడవ మీద పాదాలు ఆనించి వెనక్కి వాలాను. మొదట ఏమీ కదలలేదు. తరువాత బెండు నీటి నుంచి విడివడింది, తెరచాపలోని నీరు జారిపోయింది, మాస్టు నీటికి సమాంతరంగా వచ్చేసరికి గాలి తెరచాప కిందికి దూరింది. అక్కడి నుంచి పడవ లేచిన వేగం చూస్తే భయం వేస్తుంది. ఇందులో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది: లేచే పడవ మనం నిలబడ్డ వైపుకే దిగుతుంది, నడిమి పడవ నెత్తి మీదికి వస్తుంది. అందుకే అది కదలగానే వెనక్కి వాలడం ఆపి, కింది పక్క పడవను కరుచుకున్నట్టు దగ్గరగా పట్టుకోవాలి. అప్పుడు నడిమి పడవ మనల్ని దాటి అవతల పడుతుంది, మనం రెంటి మధ్య వల కింద తేలతాం. ఇది చదివి గుర్తుపెట్టుకునే విషయం కాదు, ఒంటికి అలవాటు కావాలి. గాలి లేనప్పుడు మిత్రుడు మాస్టు కొసను కయాక్ నుంచి ఎత్తి సాయం చేస్తుండగా నేను మళ్ళీ మళ్ళీ చేసి అలవాటు చేసుకున్నాను. పట్టు వదలకపోవడమూ ముఖ్యమే, ఎందుకంటే నిలబడ్డ పడవ మనిషి లేకుండానే గాలికి కదిలిపోతుంది. ఈది దాన్ని అందుకోలేం.

గాలి తగ్గితే లేపడం కష్టమవుతుందన్నది చాలామందికి విడ్డూరంగా తోచవచ్చు. 15 నాట్ల దగ్గర గాలి సాయం 30కి పడిపోతుంది, నేను అతికష్టం మీద లేపగలను. 10 నాట్లకు నా ఒక్కడి బరువు చాలదు. అప్పుడు మరో మనిషి పడవ మీద ఉంటే సరి, లేదా కయాక్‌లో ఉన్నవాళ్ళు మాస్టు కొసను ఒక బకెట్టు నీళ్ళంత బరువు ఎత్తితే సరి. ఒంటరిగా ఉన్నప్పుడు తాడు చివర తగిలించి నీటితో నింపుకునే సంచి ఒకటి పడవలో ఉంచుకున్నాను. దాన్ని వాడేటప్పుడు నడిమి పడవ దిగే చోటుకు దూరంగా ఉండడం మరింత కష్టం కాబట్టి అది నా చివరి మార్గం. అంత తక్కువ గాలిలో పడవ పక్కవాటుగా ఉండి ఎదురుచూసినా నష్టం లేదు, ఫోను నీళ్ళు చొరని సంచిలో లైఫ్ జాకెట్‌కే కట్టి ఉంటుంది.

బెండు వల్ల నడకలో తేడా ఉందా అంటే, ఉంది. చిన్నచిన్న అలలు ఎదురైనప్పుడు మాస్టు మునుపటి కన్నా కొంచెం ఎక్కువ ఊగుతుంది; కిలోన్నరకు పైబడిన బరువు ఆరున్నర మీటర్ల ఎత్తున ఉంటే అది తప్పదు. పందేలకు వెళ్ళేవాళ్ళు దీన్ని ఇష్టపడరు. రేవులో పక్క పడవల వాళ్ళు మాస్టు కొసన అదేమిటని అడుగుతూనే ఉంటారు, నేను ఓపికగా చెబుతూనే ఉంటాను. లెక్క ప్రకారం ఈ బెండు 25 నాట్ల దాకా ఆపుతుంది, 30 దగ్గర ఆపలేదు. టెక్సస్‌లో ఉరుముల మబ్బు ముందు వచ్చే గాలి 30ని సులభంగా దాటుతుంది కనుక, పడమట ఆకాశం నల్లబడితే తెరచాప దించి తెడ్డు పట్టుకోవడమే నా పద్ధతి. ప్రతి సంవత్సరం వసంతకాలం మొదట్లో మాస్టు దించి, వాల్వు ద్వారా గాలి నింపి, సబ్బునీళ్ళు పూసి చూస్తాను. బెండు మీది గాజుగుడ్డ ఎక్కడైనా పగిలిందేమో, పీట కింది బోల్టులు తుప్పుపట్టాయేమో చూసి, కట్టుతాడు మారుస్తాను. నీళ్ళు కాస్త వెచ్చబడ్డాక రేవు పక్కన పడవను ఒకసారి పడేసి, లేపుకుని, ఆ తరువాతే ఆ ఏటి ప్రయాణాలు మొదలుపెడతాను.